కాలవలో దిగబోయే మనవరాలికి

మదనపల్లె,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మణ్ణీ,

దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగమని చెప్పినాను, తాగి ఉండవు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు నవ్వేసి, "క్లాసుకు టైమయింది అవ్వా" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు కదా, అందుకే రాస్తా ఉండాను. ఇప్పుడు చదివినంత చదువు, మిగిలింది రాత్రికి చదువు.

నీ ఫోటో మీ మామ కొడుకు చూపించినాడు. నలుగురు ఆడపిల్లలు కాలవ ఒడ్డున కాంక్రీటు వాలు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉండారు. చెప్పులు పైన వరసగా విడిచి ఉండాయి. నీ జుట్టు తడిసి ఉంది. "చూడు అవ్వా, ఎంత బాగా నవ్వుతా ఉందో" అని వాడంటే, నేను అద్దాలు సర్దుకుని నీ కాళ్ళ కింద చూసినాను. నీళ్ళు తగిలే చోట కాంక్రీటు మీద జానెడు వెడల్పున పచ్చగా పాచి. ఫోటో ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పాచే. మెట్టు అనేది ఒక్కటి కనబడలేదు. అందుకే ఆ పొద్దు ఫోన్‌లో బాగున్నావా అని కూడా అనకుండా "ఎట్లా ఎక్కినారు?" అని అడిగినాను. "ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని" అన్నావు. పైగా, "నువ్వు బావిలో నేర్చుకోలేదా, నన్ను మాత్రం ఎందుకు అడ్డగిస్తావు" అని ఒక ఎదురు ప్రశ్న.

ముందు ఒక మాట తేల్చేస్తా. ఈత నేర్చుకోవద్దని నేను అనను. మీ అమ్మ అంటుంది. ఆమెకు నీళ్ళంటే ఎందుకు జడుపో నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఆ కథ ఇప్పుడు తవ్వను. ఆమెతో నేను మాట్లాడుకుంటా. ఆడపిల్లకు ఈత ఎందుకు అనే మాట మా నాయన నోట రాలేదు, నా నోటా రాదు. నా గొడవంతా నువ్వు దిగిన చోటు గురించే.

మన బావిని నువ్వు చూసేటప్పటికి కంపచెట్లు మొలిచి ఉండినాయి. మా చిన్నప్పుడు దాని దర్జా వేరు. నలుచదరం, నాలుగు పక్కలా రాతి కట్టడం. ఒక పక్క కపిల బాట, ఎద్దులు దిగడానికి వాలుగా ఉండేది. దానికి ఎదురుగా మెట్లు. మెట్లంటే మన మిద్దె మెట్ల మాదిరి కాదు, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి దిమ్మెలు, ఒక్కొక్కటి మూరెడు. పైనుంచి మొదలై నీళ్ళ లోపలికి కూడా పోతాయి. ఎండాకాలం నీళ్ళు దిగేకొద్దీ కింది మెట్లు బయటపడతాయి, వానకు నీళ్ళు ఎక్కితే పై మెట్లు మునుగుతాయి. మట్టం ఎక్కడున్నా కాలికి ఒక రాయి అందుతుంది. బావి తవ్వేటప్పుడే ఆ ఆలోచన చేసినవాళ్ళు బడికి పోయినవాళ్ళు కాదు. ఈ పొద్దు లెక్కలూ డ్రాయింగులూ వేసి కట్టే కాలవకు, అన్ని మైళ్ళ పొడవునా, ఊరికి ఒక వరస మెట్లు పెట్టాలని ఎవరికీ తోచలేదా అని నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టదు. మీ తాత ఉండి ఉంటే, "నీకు మెట్ల పిచ్చి" అని కసురుకునేవాడు. నిజమే, ఉంది. మీ హాస్టల్‌లో చేర్పించిన రోజు కూడా నేను మెట్లే చూసినాను, వెనక పక్క ఇంకో వరస ఉందా లేదా అని. ఉంది. అందుకే గమ్మున ఇంటికి వచ్చినాను.

నాకు ఈత నేర్పింది మా మేనత్త. మిట్టమధ్యాహ్నం కపిల ఆపి, ఎద్దులను చింతచెట్టు కింద కట్టేసి, మగవాళ్ళు సంగటి తిని కునుకు తీసే వేళ ఆడపిల్లలది. అత్త చీరను గోచి పోసి కట్టుకుని మోకాటి లోతు మెట్టు మీద నిలబడేది. మా నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు రెండు కట్టేది. పాత కపిల మోకు ఒకటి చంకల కింద చుట్టి, దాని కొస గట్టు మీద మా పెద్దన్న చేతికి ఇచ్చేది. వాడు మోకు పట్టుకుని అటు తిరిగి కూర్చోవాలని అత్త ఆజ్ఞ. పాపం వాడు తన చెల్లెళ్ళు బతికి ఉండారో లేదో మోకు అదిరేదాన్ని బట్టి తెలుసుకునేవాడు.

దిగగానే పావడలో గాలి నిండి నడుము చుట్టూ ఉబ్బి లేచేది. తేలిపోతా ఉండామని మురిసిపోయే లోపల ఆ గాలి బుడబుడమని వెళ్ళిపోయేది, అదే పావడ తడిసి కాళ్ళకు చుట్టుకుని కిందికి లాగేది. అప్పుడు తెలిసేది బుర్రల విలువ. మొదట కొన్నాళ్ళు అత్త మాకు చేతులు ఆడించడం కూడా నేర్పలేదు. కళ్ళు మూసుకోమనేది, భుజాలు పట్టి గిర్రున తిప్పేది, "మెట్టు యాడుందో తడిమి చెప్పు" అనేది. తడుముకుంటా పోయి రాయి పట్టుకుంటేనే ఆ పూటకు అయినట్టు. ఆ తర్వాత వెల్లకిలా తేలడం. చెవులు నీళ్ళలో మునిగి, లోకమంతా సద్దు అణిగి, పైన చదరంగా ఆకాశం, గోడ సందుల్లో పావురాళ్ళు. కుక్క ఈత ఆ తర్వాతే వచ్చింది. ఒక బుర్ర తీసేసినారు, ఇంకొన్నాళ్ళకు రెండోదీ తీసేసినారు. తీసేసిన సంగతి నాకు చెప్పలేదు. నేను ఈదుకుంటా పోయి వెనక్కి చూస్తే బుర్ర అత్త చేతిలో ఉంది!

ఈత వచ్చినాక ఎచ్చులు మొదలైనాయి. బావి అడుగు తాకి పిడికెడు మన్ను తెచ్చి చూపించినవాళ్ళే మొనగాళ్ళు. పిడికిలి తెరిస్తే నల్లటి బురద ఉండాలి, ఇసుక ఉంటే చెల్లదు, గోడ పక్కన గీరి తెచ్చినట్టు లెక్క. ఒకసారి మా అమ్మ ఇత్తడి చెంబు జారి బావిలో పడింది. పుట్టింటి చెంబు. పాతాళ గరిగె వేసి దేవులాడినా దొరకలేదు. ఎవరికీ చెప్పకుండా నేను పావడ బిగించి దూకినాను. చెంబు చేతికి తగిలింది గానీ దాని నిండా బురద, బరువు. ఊపిరి అయిపోతా ఉంది, చెంబు వదల బుద్ధి కాదు. పైకొచ్చి మెట్టు పట్టుకున్నాక చూస్తే మెట్ల మీద మా అమ్మ నిలబడి ఉంది. చెంబు తీసుకుంది, చెంప పగలగొట్టింది, రాత్రి అన్నంలో ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది. ఆ చెంబే మీ ఇంట్లో పూజ దగ్గర ఉండేది. దాని అంచు సొట్ట ఎందుకు పోయిందో ఇప్పుడైనా తెలిసిందా?

యాడికో పోయినాను. తర్వాత నేను ఇక్కడ బీటీ కాలేజీలో చేరినాను. టాగూరు 1919లో ఈ కాలేజీలోనే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చినాడని మాకు ఏటా చెప్పేవాళ్ళు, గర్వంగా వినేవాళ్ళం. చదువు చెప్పినారు, నాటకాలు ఆడించినారు. నీళ్ళలో పడితే ఏం చేయాలో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడు ఆ లోటు ఎవరికీ తెలియలేదు, ప్రతి పిల్లకూ వాళ్ళ ఊళ్ళో ఒక బావి ఉండింది గనక.

ఆ బావులు పోయినాయి. బోర్లు వచ్చినాయి. వంద అడుగులన్నారు, ఐదు వందలన్నారు, మన పక్క వెయ్యి దాటిపోయినాయి. బోరు కిందికి పోయేకొద్దీ బావి ఊట ఎండింది. మీ అమ్మకు బుద్ధి తెలిసేటప్పటికి మన బావిలో మోకాటి లోతు, తర్వాత అదీ లేదు. మీ అమ్మకూ, మామలకూ, వాళ్ళ ఈడు వాళ్ళందరికీ ఈత రాలేదంటే వాళ్ళు సోమరులని కాదు, నేర్చుకోవడానికి నీళ్ళే లేవు. ఈత వచ్చిన వాళ్ళు ముసలివాళ్ళయినారు, ఈత రానివాళ్ళు తల్లిదండ్రులయినారు. అట్లాంటప్పుడు నీళ్ళు తిరిగొచ్చినాయి. 2015 నవంబరులో, మళ్ళీ 2021 నవంబరులో కురిసిన వానలకు చెరువులు మొరవ పోతే జనం పసుపు కుంకుమలు చల్లినారు. నేనూ చల్లినాను. కానీ అంత లోతు నీళ్ళు పుట్టిన తర్వాత ఎప్పుడూ చూడని పిలకాయలు ఆ కట్టల మీద చిందులేస్తా ఉంటే నా కడుపులో చెయ్యి పెట్టి కెలికినట్టయింది. ఇప్పుడు ఇంక చెరువు కూడా కాదు, కాలవ.

మీ కాలవ సంగతి నాకు తెలియదనుకోవద్దు, పేపరు రోజూ చదువుతాను. శ్రీశైలం వెనక నీళ్ళను మల్యాల దగ్గర ఎత్తిపోసి, అనంతపురం జిల్లా దాటించి, పుంగనూరు బ్రాంచి కాలవలోకి, దాంట్లోంచి కుప్పం బ్రాంచి కాలవలోకి తెచ్చినారు. 2025 ఆగస్టులో పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి ఇచ్చినారు. మన పక్కకు కృష్ణ నీళ్ళు రావడం మా నాయన వినుంటే నమ్మేవాడు కాదు. పాలారు ఏడాదిలో ఎన్నాళ్ళు ఇసుకగా ఉంటుందో చూసినవాళ్ళం, ఆ నీళ్ళకు నేను వెయ్యి దండాలు పెడతాను. దండం పెట్టమంటే పెడతా, దిగమంటే దిగను. ఆ కాంక్రీటు ఎందుకు వేసినారు? నీళ్ళు ఇంకకుండా, తడవు లేకుండా బిరీన పోవాలని. అంటే వేగం కోసమే నున్నగా చేసినారు. పైకి చూస్తే కదలనట్టే ఉంటుంది. ఒక పని చెయ్యి, గట్టు మీదే నిలబడి ఒక శనక్కాయ పొట్టు నీళ్ళలో వేసి దాని వెంట నడువు. మామూలుగా నడిస్తే అందకుండా పోతా ఉందంటే ఆ నీళ్ళు నీ కాళ్ళను కూడా అంతే వేగంగా లాగుతాయి. ఇంక పాచి పట్టిన వాలు ఎక్కడమంటే నూనె పూసిన బాన లోపలి నుంచి పాకినట్టే. ఈత వచ్చినవాడు కూడా ఎక్కలేక అలిసిపోతాడు. నలుగురు చేతులు పట్టుకున్నారు చూడు, ఒకరు జారితే నలుగురూ పోతారు. ఆపైన ఏ రోడ్డు కిందో తూములోకి దూరుతుంది కాలవ. తూములో తల ఎత్తడానికి ఎంత సందు ఉంటుందో పైనుంచి తెలియదు.

"గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్ళంతా కాలవల్లోనే నేర్చుకుంటారు" అని వాదించినావు. రేపల్లె దగ్గరి పల్లెటూరి మనిషి షంషేర్ ఖాన్ 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదినాడని కూడా చెప్పినావు. చాలా సంతోషం, బాగా చదివినావు. ఆ పక్క మీ తాతతో కలిసి నేనూ తిరిగినాను. వాళ్ళవి మట్టి గట్ల కాలవలు. గడ్డి ఉంటుంది, చెట్టు వేరు ఉంటుంది, ఊరి దగ్గర రేవు ఉంటుంది. రేవులో బట్టలు ఉతికేవాళ్ళు, గేదెలను కడిగేవాళ్ళు, బిందెలు తోమేవాళ్ళు, ఎప్పుడూ నలుగురు. ఆ రేవుకు మెట్లు ఉంటాయి! అంతెందుకు, పుంగనూరు కోనేరు చూడు, దేవుడు స్నానానికి వచ్చే చోటు కూడా మెట్లు లేకుండా కట్టలేదు. కృష్ణ నీళ్ళు మనకు తెచ్చినారు, రేవు మాత్రం అక్కడే వదిలేసినారు.

కోపం వచ్చిందా? రానీ. తిన్నాక చదువు మిగతాది. ఈ పొద్దు హాస్టల్‌లో ఏం పెట్టినారు? ఊరిబిండి డబ్బా పంపినాను, చేరిందని చెప్పలేదు నువ్వు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఒకటి చదివినాను. 2021లో ప్రపంచంలో నీళ్ళలో మునిగి పోయినవాళ్ళు సుమారు 3 లక్షలు, వాళ్ళలో దాదాపు సగం మంది 29 ఏళ్ళ లోపు వాళ్ళు. నీ ఈడు వాళ్ళు. మునిగేవాళ్ళు సినిమాలో మాదిరి చేతులు ఊపి కేకలు వేయరు. నోరు నీళ్ళ మట్టానికి వచ్చిందంటే కేక వేయడానికి ఊపిరి ఉండదు. పక్కనున్న స్నేహితురాలు ఆడుకుంటా ఉందనుకుంటారు. అందుకే ఇంకో పట్టు చెబుతా, బాగా విను. పక్కమనిషి మునుగుతా ఉంటే దూకొద్దు. నువ్వు ఎంత ఈతగత్తెవైనా దూకొద్దు. ఆమె నీ మెడ పట్టుకుంటుంది, ఇద్దరూ పోతారు. దుపట్టానో, తాడో, కట్టెనో అందివ్వు. నువ్వు పడుకుని, నీ కాళ్ళను ఇంకొకరు పట్టుకుని, అప్పుడు అందివ్వు. 2020లో తమిళనాడులో పెరంబలూరు దగ్గర కొట్టరై జలాశయంలో నలుగురు కుర్రవాళ్ళు మునిగిపోతా ఉంటే, అక్కడ బట్టలు ఉతుక్కుంటున్న ముగ్గురు ఆడవాళ్ళు కట్టుకున్న చీరలు విప్పి విసిరినారు. ఇద్దరు దొరికినారు, ఇద్దరు దొరకలేదు. నా దృష్టిలో ఆ ముగ్గురికి కట్టాలి గుడి. పరువు గురించి నీకు ఎవరైనా ఉపన్యాసం చెబితే ఈ సంగతి చెప్పు.

చీర అంటే గుర్తొచ్చింది. మీ అమ్మకు ఈత బట్టల మీద కూడా అభ్యంతరం అని విన్నాను. మామూలు చుడిదారుతోనే నేర్చుకో. నెదర్లాండ్స్‌లో పిల్లలకు మొదటి ఈత పరీక్ష ఒంటి మీద బట్టలతోనే పెడతారంట, నీళ్ళలో పడేవాడు బట్టలు మార్చుకుని పడడు కదా అని. మా అత్త పావడతో నేర్పిందీ ఇదే, ఆమెకు ఆ దేశం పేరు తెలియదంతే. బంగ్లాదేశ్‌లో అయితే పల్లె చెరువులోనే వెదురు బొంగులతో చట్రం కట్టి, లోతు తక్కువ ఉండేట్టు వెదురు అరుగు వేసి, చిన్నపిల్లలకు నేర్పుతా ఉండారు. మీ యూనివర్సిటీలో ఇంతమంది తెలివైనవాళ్ళు ఉండారే, కుప్పంలో ఒక చెరువు మూలన అట్లాంటిది కట్టించమని ఒక అర్జీ రాయండి. దాంతోపాటే కాలవకు ఊరూరా మెట్లూ, పట్టుకోవడానికి గొలుసులూ పెట్టమని రాయండి. మొదటి సంతకం నాది. వేలిముద్ర కావాలన్నా వేస్తా.

ఒకవేళ, దేవుడు అట్లా చేయకూడదు, ఎప్పుడైనా కాలవలో జారినావే అనుకో. ఎదురు ఈదొద్దు. వెల్లకిలా తేలి, కాళ్ళు నీళ్ళు పోయే వైపు పెట్టి, నీళ్ళతోనే పోతా కొంచెం కొంచెంగా ఒడ్డుకు జరుగు. ఈ వాక్యం రాసేటప్పుడు నా చెయ్యి వణికింది, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన వానలకు చెరువు నిండి మన బావిలో ఊట వచ్చింది. మీ మామతో చెప్పి కంప కొట్టిస్తా ఉండాను. కూలీలను దించే ముందు లాంతరు దించి చూడమన్నాను, దీపం ఆరిపోతే ఎవరూ దిగకూడదు. పాత నీళ్ళు మోటారుతో తోడి, అడుగు బురద తీయిస్తాం. పైనుంచి రెండో మెట్టు కదులుతా ఉంది, మేస్త్రీని రమ్మన్నాను, ఆ మెట్టు గట్టిపడే దాకా నిన్ను గట్టు దగ్గరికి కూడా రానివ్వను. సొరకాయ బుర్రలు ఇప్పుడు దొరకవు, మీ మామ లారీ ట్యూబు తెస్తానన్నాడు. మోకు కొత్తది కొన్నాం. నేను నీళ్ళలో దిగను, మోకాళ్ళు ఒప్పుకోవు, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటా. ఆ ఫోటోలో ఉన్న ముగ్గురు పిల్లలను కూడా తీసుకురా, వాళ్ళ ఇళ్ళల్లో అడిగి. వాళ్ళ అమ్మల ఫోన్ నెంబర్లు నాకు ముందే పంపు, నేను మాట్లాడతా. అంతవరకు కాలవ దగ్గరికి పోయినా గట్టు మీదే, ఈ ఒక్క మాట నాకివ్వు.

కుప్పం నుంచి వి.కోట, పలమనేరు మీదుగా రావాలి. పలమనేరులో బస్సు మారాల్సి వస్తే స్టాండులోనే ఉండండి, తినుబండారాల కోసం రోడ్డు దాటొద్దు. పుంగనూరులో మీ మామ నిలబడి ఉంటాడు. ఒక్కొక్కరు పాత చుడిదార్లు రెండు జతలు తెచ్చుకోండి. తువ్వాళ్ళు ఇక్కడ ఉండాయి.

నీ అవ్వ